చూసుకోవడం అంటే లుక్ ఆఫ్టరేనా?

'పిన్నీ, నేనేం తప్పు మాట్లాడాను? వాళ్ళెందుకు నవ్వారు?'

రాత్రంతా రైల్లో కూర్చుని హైదరాబాద్ నుంచి వచ్చిన ఆ అమ్మాయి, భుజాన ఉన్న సంచీ అయినా దించకుండా అడిగిన మొదటి మాట ఇది. ఊరు పలాస. బీఎస్సీ నర్సింగ్ చదివింది. విజయనగరంలో మా పక్కింటావిడకు మేనకోడలు. అత్త దగ్గర ఉండి ఉద్యోగ ప్రయత్నాలు చేసుకుంటోంది. వాళ్ళ నాన్నకి జీడిపప్పు బట్టీలో పని. కూతుర్ని నర్సుని చేయడానికి ఆయన ఎన్ని చోట్ల చెయ్యి చాచాడో మా వీధిలో అందరికీ తెలుసు.

హైదరాబాద్‌లో ఏదో ఆస్పత్రిలో ఇంటర్వ్యూ. లోపల ఇద్దరు కూర్చున్నారట. ప్రస్తుతం ఏం చేస్తున్నావని ఇంగ్లీషులో అడిగారట. ఈ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా 'ఐయామ్ లుకింగ్ ఆఫ్టర్ ఎ జాబ్' అని చెప్పింది. ఒకాయన నవ్వాడు. 'అయితే నీకు ఉద్యోగం ఉందన్నమాట' అన్నాడు. లేదండీ అంది. 'లేని ఉద్యోగాన్ని ఎలా చూసుకుంటున్నావమ్మా' అని రెండో ఆయన. ఇద్దరూ మళ్ళీ నవ్వు.

అంతే. ఆ తర్వాత నోరు పెగల్లేదు. సెలైన్ ఎక్కించడం దగ్గర్నుంచి ఆపరేషన్ అయిన మనిషిని కనిపెట్టుకుని ఉండటం దాకా ఆ పిల్లకు రానిది లేదు. కానీ రెండు ఇంగ్లీషు ముక్కల దగ్గర మూడేళ్ళో నాలుగేళ్ళో కష్టపడి నేర్చుకున్నదంతా గాలికి పోయింది.

'నువ్వు తెలుగులో ఏం చెబుదామనుకున్నావే?' అని అడిగాను.

'ఉద్యోగం చూసుకుంటున్నానని.'

చిక్కుముడి ఎక్కడుందో నాకు అప్పుడర్థమైంది. ఆ పిల్ల తెలుగు తప్పు కాదు, లక్షణమైన తెలుగు. మన ఇళ్ళల్లో ఉద్యోగం లేని కుర్రాణ్ణి అడిగితే 'చూసుకుంటున్నానండీ' అనే కదా అంటాడు! పిల్లల్ని చూసుకోవడం లుక్ ఆఫ్టర్ అని బళ్ళో నేర్పారు. ఉద్యోగం చూసుకోవడం కూడా అదేననుకుంది. అనుకోవడంలో వింతేముంది?

ఒక్క మాట, వంద పనులు

ఆ మధ్యాహ్నం ఇద్దరం అరుగు మీద కూర్చుని ఈ 'చూసుకో' అనే మాటకు మన ఇళ్ళల్లో ఎంత చాకిరీ ఉందో లెక్క పెట్టడం మొదలుపెట్టాం. మీరూ ఒకసారి లెక్కపెట్టి చూడండి, సరదాగా ఉంటుంది.

'పాలు పొయ్యి మీదున్నాయి, చూసుకో' అంటాం. పొంగిపోకుండా ఒక కన్నేసి ఉంచమని. ఇంగ్లీషులో ఇది 'కీప్ ఏన్ ఐ ఆన్ ది మిల్క్'. 'మీ అత్తగారిని ఎవరు చూసుకుంటున్నారు?' అంటే అన్నం, మందు, మంచం అన్నీ. ఇదీ అసలు సిసలు లుక్ ఆఫ్టర్. 'అమ్మాయికి సంబంధం చూస్తున్నాం' అంటే వెతుకుతున్నాం. అది లుక్ ఫర్. 'మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకుని దిగు' అంటే 'వాచ్ యువర్ స్టెప్'. అద్దంలో చూసుకోవడానికి లుక్ ఎట్. 'నీ పని నువ్వు చూసుకో' అని మూతి తిప్పుకుంటే దానికి 'మైండ్ యువర్ ఓన్ బిజినెస్'. ఇక 'నీ సంగతి చూసుకుంటా' అనే బెదిరింపుకి లుక్ ఆఫ్టర్ వాడారో, ఎదుటివాడు మీ చేతి అన్నం తినడానికి రేపే సామానుతో దిగుతాడు!

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డ తల్లి పక్కనున్నామెతో 'ఈ గుంటణ్ణి కూసింత సూసుకో అప్పా, ఇప్పుడే వత్తాను' అంటుంది చూడండి. అచ్చంగా అక్కడ వాడాలి లుక్ ఆఫ్టర్. 'కెన్ యు లుక్ ఆఫ్టర్ మై సన్ ఫర్ ఎ మినిట్?' కొడుకు బదులు సంచీ అయినా ఫరవాలేదు. రైలు ఫ్లాట్‌ఫారం మీద 'కెన్ యు లుక్ ఆఫ్టర్ మై బ్యాగ్?' అనొచ్చు. మనుషుల్నే కాదు, వస్తువుల్నీ కొట్టునీ లెక్కలనీ కూడా లుక్ ఆఫ్టర్ చేస్తారు. మీరు మీవారి దుకాణంలో పద్దులు రాస్తున్నారనుకోండి, 'ఐ లుక్ ఆఫ్టర్ ది అకౌంట్స్' అని ధీమాగా చెప్పుకోవచ్చు.

ఇంకో రకం పొరపాటు కూడా ఉంది. ఇది మా బంధువుల ఇంట్లో జరిగింది. పిల్లవాడి బళ్ళో తల్లిదండ్రుల సమావేశం. నోటు పుస్తకం చూసి సంతకం పెట్టమని టీచరు ఇచ్చింది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చిన ఆ తల్లి, తర్వాత చూస్తానని చెప్పబోయి 'ఐ విల్ లుక్ ఆఫ్టర్' అంది. లుక్ అంటే చూడటం, ఆఫ్టర్ అంటే తర్వాత. విడివిడిగా రెండూ కరెక్టే! కలిపితే మాత్రం, పుస్తకాన్ని సాకుతానన్నట్టు అయింది. ఆవిడ అనవలసింది 'ఐ విల్ లుక్ ఎట్ ఇట్ లేటర్'.

మనకి మాత్రం లేవా?

ఇలా క్రియకి ఒక చిన్న మాట తోక తగిలించి, రెంటికీ లేని మూడో అర్థం పుట్టించడాన్ని ఇంగ్లీషు వ్యాకరణంలో ఫ్రేజల్ వెర్బ్ అంటారు. ఈ పేరు మరీ పాతదేం కాదు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత తన పుస్తకంలో వాడాక బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు తనది కాదని, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించాడని ఆయనే చెప్పాడు. పేరు కొత్తదైనా బాధ పాతదే. 1755లో ఇంగ్లీషు నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్ ముందుమాటలోనే ఒప్పుకున్నాడు, పరాయి దేశాలవాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి ఈ తోక తగిలించిన క్రియలేనని. అంటే మన పలాస అమ్మాయిని చూసి నవ్వినవాళ్ళ కంటే జాన్సన్ దొర నయం. కష్టం ఎక్కడుందో రెండున్నర శతాబ్దాల కిందటే గుర్తించాడు.

ఇంగ్లీషువాడికే ఈ వంకర బుద్ధి అనుకోకండి. మనం మాత్రం తక్కువ తిన్నామా? 'మొదలుపెట్టడం'లో ఎవరు ఏం ఎక్కడ పెడుతున్నారు? 'ఇష్టపడటం'లో ఎవరు పడ్డారు? కష్టపడతాం, సిగ్గుపడతాం, బయటపడతాం, ఏదో ఒకటి పడుతూనే ఉంటాం గానీ ఒక్కసారీ మోకాలు చెక్కుకోదు. 'కనిపెట్టు' చూడండి. కొత్త యంత్రాన్ని కనిపెట్టడం ఒకటి, పొయ్యి మీద పాలని కనిపెట్టుకుని ఉండటం ఇంకొకటి. ఈ తేడా మీకెవరైనా పుస్తకం పెట్టి నేర్పారా? లేదు. అమ్మ వంటింట్లోంచి అరిచింది, మీరు పరుగెత్తారు, పాలు పొంగలేదు, మాట వచ్చేసింది. అదే ఏ విదేశీయుడైనా తెలుగు నేర్చుకుంటూ నిఘంటువులో 'పడు' తీసి చూసి 'ఇష్టపడు' దగ్గరికి వస్తే, పాపం ఏ గోతిలో పడతాడో!

కాబట్టి లుక్ ఆఫ్టర్‌ని రెండు మాటలుగా విడదీసి చూడకూడదు. అది ఒకే మాట. ముడి విప్పితే అర్థం జారిపోతుంది. గుర్తుండటానికి ఒక చిన్న కిటుకు మాత్రం చెబుతాను. ఇక్కడ ఆఫ్టర్‌కి 'వెనక' అని అర్థం చెప్పుకోండి. పాత ఇంగ్లీషులో లుక్ ఆఫ్టర్ అంటే పోయేవారి వెనకే చూపు పోనివ్వడం. అప్పుడే నడక వచ్చిన పిల్లవాడు వీధి గుమ్మం వైపు పరుగెత్తుతుంటే తల్లి కళ్ళు ఎక్కడుంటాయి? వాడి వెనకే. అలా వెనకాలే పోయే చూపే తర్వాత్తర్వాత సంరక్షణ అయింది.

వాక్యంలో ఎలా కూర్చోవాలి?

అర్థం తెలిస్తే సగం పనే అయినట్టు. వాక్యంలో పెట్టేటప్పుడు జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి.

కాలాన్ని బట్టి మారేది లుక్ మాత్రమే, ఆఫ్టర్ కదలదు. 'షి లుక్స్ ఆఫ్టర్ హర్ ఫాదర్' అనాలి. నిన్నటి సంగతైతే 'లుక్‌డ్ ఆఫ్టర్'. రాసేటప్పుడు లుక్‌డ్, పలికేటప్పుడు లుక్ట్. 'లుకెడ్' అని సాగదీసే అలవాటు మనలో చాలామందికి ఉంది, మానుకుంటే మంచిది.

ఎవరిని చూసుకుంటున్నామో వారి పేరు ఎప్పుడూ ఆఫ్టర్ తర్వాతే రావాలి. 'ఐ లుక్ ఆఫ్టర్ హర్' అనాలి తప్ప 'ఐ లుక్ హర్ ఆఫ్టర్' అనకూడదు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే కొన్ని ఫ్రేజల్ వెర్బులు మధ్యలో చోటిస్తాయి. ఫ్యాన్ ఆపమనడానికి 'స్విచ్ ఆఫ్ ది ఫ్యాన్' అన్నా సరే, 'స్విచ్ ది ఫ్యాన్ ఆఫ్' అన్నా సరే. ఫ్యాన్ అనకుండా 'దాన్ని' అన్నప్పుడు మాత్రం తప్పనిసరిగా మధ్యలోనే, 'స్విచ్ ఇట్ ఆఫ్'. స్విచ్ ఆఫ్ ఇట్ అంటే వినేవారికి పంటి కింద రాయి. లుక్ ఆఫ్టర్ అలా మధ్యలో ఎవర్నీ రానివ్వదు. సిటీ బస్సులో ఇద్దరు కూర్చునే సీటులో కొందరు మూడోవారికి సర్దుకుని చోటిస్తారు, కొందరు ఇవ్వరు. దీనిది రెండో స్వభావం.

మన ఇంగ్లీషులో ఇంకో జాడ్యం, ప్రతి దానికీ ఐఎన్‌జీ తగిలించడం. రోజూ చేసే పని అయితే 'ఐ లుక్ ఆఫ్టర్ మై మదర్-ఇన్-లా' చాలు. 'ఐయామ్ లుకింగ్ ఆఫ్టర్' అన్నారంటే ఇప్పుడు, ఈ కొద్ది రోజులు అని. అత్తగారు శాశ్వతంగా మీ దగ్గరే ఉంటుంటే మొదటిది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చి నాలుగు రోజులు ఉంటే రెండోది. ఆవిడకి ఇంగ్లీషు వస్తే మాత్రం ఏది వాడారో గమనించకపోదు!

బాగా చూసుకుంటున్నారని ఎవరినైనా మెచ్చుకోవాలంటే 'షి ఈజ్ వెల్ లుక్డ్ ఆఫ్టర్'. ఊరెళ్ళేవారికి, ఒంట్లో బాగులేనివారికి 'లుక్ ఆఫ్టర్ యువర్‌సెల్ఫ్'. ఈ రెండూ నేర్చుకుని పెట్టుకోండి, తరచూ అవసరం వస్తాయి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మీరేం చేస్తారని ఎవరైనా అడిగితే మనలో చాలామంది తల దించుకుని 'జస్ట్ హౌస్ వైఫ్' అంటాం. ఆ 'జస్ట్' అంటే నాకు ఒళ్ళు మంట. 'ఐ లుక్ ఆఫ్టర్ మై ఫ్యామిలీ' అనండి. ఇంగ్లీషూ తప్పు పోదు, మాటా తేలిపోదు.

వెంకమ్మగారు విన్న ఇంగ్లీషు

ఇంగ్లీషు విషయంలో మా విజయనగరానికి పెద్ద చరిత్రే ఉంది. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' 1892లో ఈ ఊళ్ళోనే మొదట ఆడారు, 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం ఎక్కువగా చదివేది ఆయన పెంచి రాసి 1909లో తెచ్చిన రెండో కూర్పు. అందులో గిరీశాన్ని, శిష్యుడు వెంకటేశాన్ని ఎవరూ మరిచిపోలేరు. నాకు మాత్రం ఎప్పుడూ గుర్తొచ్చేది వెంకటేశం తల్లి వెంకమ్మగారు. కొడుకు, గురువు ఇద్దరూ కలిసి ఒక్కసారి ఇంగ్లీషు మాట్లాడితే వినాలని ఆవిడ ముచ్చటపడుతుంది. వాళ్ళు ఏం చేస్తారు? పిల్లల పాటలు, పాఠాల్లోని ముక్కలు ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. అది సంభాషణ అనుకుని ఆవిడ మురిసిపోతుంది.

చిన్నప్పుడు ఆ ఘట్టం చదివి పడీ పడీ నవ్వాను. ఇప్పుడు అంత నవ్వు రావడం లేదు. ఆవిడ ఇంట్లో, ఆవిడ ఎదురుగా, ఆవిడకు తెలియని భాషలో ఎవరేం అన్నా తలూపడం తప్ప గత్యంతరం లేదు. కొడుకు చదువుకి ఫీజు, పుస్తకాలు అంటూ డబ్బు పోస్తున్నది ఆ ఇల్లే. ఆ చదువు వచ్చిందో లేదో తేల్చుకునే దారి మాత్రం ఆ తల్లికి లేదు. బళ్ళో టీచరు గబగబా ఇంగ్లీషులో చెప్పేది విని 'యస్ మేడమ్, యస్ మేడమ్' అని బయటికి వచ్చే తల్లులు ఈ రోజుకీ ఉన్నారు. నేను ఎరిగినవాళ్ళే ఉన్నారు.

గురజాడతో విజయనగరంలో కలిసి చదువుకున్న ఇంకో ఆయన సంగతి కూడా చెప్పాలి. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం జిల్లాలో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ, చుట్టుపక్కల కొండల మీది సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాషకి అప్పుడు లిపి లేదు, మనకి దొరికే పుస్తకం లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతను మాట్లాడింది విని, తిరిగి అని, తప్పులు దిద్దించుకుని నేర్చుకున్నారు. అలా చెవితో మొదలుపెట్టిన మనిషి 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వేసుకున్న క్వినైన్ వల్ల ఆయనకి చెవుడు వచ్చింది. చెవినే నమ్ముకుని భాష నేర్చుకున్న మనిషికి!

వాడుక భాష ఉద్యమానికి కదలిక తెచ్చినవారిలో ఒక ఇంగ్లీషాయన కూడా ఉన్నాడు. జె.ఎ.యేట్స్ అని, ఈ ప్రాంతం బళ్ళకి ఇన్‌స్పెక్టరు. తెలుగు నేర్చుకుని బజార్లోకి వెళితే, పుస్తకంలో నేర్చుకున్న తెలుగు ఒకటి, జనం మాట్లాడేది ఒకటి. ఇదేమిటని ఆయన అడిగిన ప్రశ్న గురజాడనీ గిడుగునీ ఆలోచనలో పడేసింది. చూశారా, పుస్తకంలో మాట, నోట్లో మాట ఒకటి కాకపోతే పడే అవస్థ మన ఒక్కరిదే కాదు. ఇంగ్లీషువాడూ మన ఊరొచ్చి పడ్డాడు.

మా అరుగు మీద మేం పట్టుకున్నది ఆ పంతులుగారి దారినే. వ్యాకరణం పక్కన పెట్టాం. ఇంట్లో ఎదురుగా కనబడే పని ఒక్కొక్కటీ తీసుకుని దాని మీద వాక్యం కట్టడం, పైకి అనడం, తప్పయితే మళ్ళీ అనడం. ఆ పిల్ల రోజుకి పది వాక్యాలు. 'మై ఆంట్ ఈజ్ లుకింగ్ ఫర్ హర్ స్పెక్టకిల్స్' అనేది రోజూ తప్పనిసరి, ఎందుకంటే వాళ్ళత్త రోజూ వెతుకుతూనే ఉంటుంది.

దాని అక్కచెల్లెళ్ళు

లుక్‌కి ఆఫ్టర్ ఒక్కటే తోడు కాదు. లుక్ ఫర్ చెప్పుకున్నాం, వెతకడం. ఉద్యోగమైనా, సంబంధమైనా, తాళంచెవి అయినా లుక్ ఫర్. ఆ రోజు ఆ అమ్మాయి అనవలసింది 'ఐయామ్ లుకింగ్ ఫర్ ఎ జాబ్', అంతే. ఒక్క చిన్న మాట తేడా.

లుక్ ఇన్‌టు అంటే విచారించడం. కరెంటు బిల్లు తప్పొచ్చిందని చెబితే 'వి విల్ లుక్ ఇన్‌టు ఇట్' అంటారు. అన్నాక చూస్తారా లేదా అనేది భాషకి సంబంధించిన విషయం కాదు. లుక్ అప్ అంటే నిఘంటువులో అర్థం వెతికి చూడటం. దానికే చివర టు చేర్చి లుక్ అప్ టు అంటే గౌరవించడం, లుక్ డౌన్ ఆన్ అంటే చులకనగా చూడటం. లుక్ ఫార్వర్డ్ టు అంటే సంతోషంగా ఎదురు చూడటం. ఉత్తరాల చివర దీన్ని బాగా వాడతారు, బాగా తప్పూ రాస్తారు. 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' కాదు, 'టు మీటింగ్ యు'. పరీక్ష ఫలితాల కోసం గుండె చేత్తో పట్టుకుని ఎదురుచూడటానికి ఇది పనికిరాదు. పండక్కి అక్క వస్తోందంటే పనికొస్తుంది.

ఇవన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోకండి. వారానికి ఒకటి చాలు.

పాసౌట్ అయితే ఎవరు లేపారు?

ఆ అమ్మాయి దరఖాస్తు కాగితం ఒకసారి తెమ్మన్నాను. అందులో ఫలానా సంవత్సరంలో నర్సింగ్ 'పాస్డ్ అవుట్' అని రాసుంది. ఇది మన దేశంలో అందరూ వాడేదే. చదువు పూర్తి చేసి బయటికి రావడాన్ని పాసౌట్ అంటాం. పుట్టుక లేని మాటేం కాదు, సైన్యంలో శిక్షణ ముగిసినప్పుడు జరిగే కవాతుని ఇంగ్లండ్‌లోనూ పాసింగ్ అవుట్ పెరేడ్ అనే అంటారు. కానీ మామూలు మాటల్లో, మన దేశం దాటాక, పాస్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. 'నేను ఫలానా ఏడు స్పృహ తప్పాను' అని ఒక నర్సు రాసుకుంటే చదివేవారు ఏమనుకోవాలి?

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఎవరూ పట్టించుకోకపోవచ్చు. అందుకని దీన్ని పెద్ద తప్పని నేను అనను. మన దేశపు ఇంగ్లీషులో అది స్థిరపడిపోయింది. కానీ మన జిల్లాల నుంచి నర్సు చదువు చదివి పై దేశాలు వెళదామనుకునే పిల్లలకి ఇది ఆట కాదు. పాస్ అవుట్ అంటే స్పృహ తప్పడం, పాస్ అవే అంటే చనిపోవడం. రాత్రి డ్యూటీలో ఫోన్లో డాక్టరుకి ఈ రెంటిలో ఏది చెప్పారన్న దాని మీద ఆయన మంచం దిగి పరుగెత్తుకు రావడం ఆధారపడి ఉంటుంది. స్పృహ తిరిగి వస్తే కమ్ రౌండ్. వాంతి చేసుకుంటే త్రో అప్. రోగి అంత చక్కగా 'ఐ త్రూ అప్' అని చెబితే, ఏం పైకి విసిరాడా అని చుట్టూ చూడకూడదు కదా!

అందుకే కాగితంలో 'పాస్డ్ అవుట్' కొట్టేసి 'కంప్లీటెడ్' అని రాయించాను.

ఆ పని అవుతుండగానే ఆ అమ్మాయి తనంత తానే ఒక వాక్యం అంది. 'ఐ లుక్డ్ ఆఫ్టర్ సర్జరీ పేషెంట్స్ డ్యూరింగ్ మై ఇంటర్న్‌షిప్.' ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏ మాట దగ్గర తల వంచుకుని వచ్చిందో, తన వృత్తి మొత్తం ఆ మాటలోనే ఉంది. నర్సు చేసే పని అదే కదా. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎంతమందిని చూసుకుంది, రాత్రిళ్ళు ఎవరిని కనిపెట్టుకుని కూర్చుంది, ఏ ముసలమ్మకి అన్నం తినిపించింది, ఒక్కొక్కటే ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో తప్పులు దొర్లాయి. నేను ఆపలేదు.

రెండు వారాలకి ఇంకో ఆస్పత్రి నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. స్టేషన్‌కి నేనూ వాళ్ళత్తా వెళ్ళాం. పులిహోర పొట్లం, మంచినీళ్ళ సీసా, అమ్మవారి కుంకుమ అన్నీ చేతిలో పెట్టి ఆవిడ ఎప్పటిలాగే అప్పగింతలు మొదలుపెట్టింది.

'ఎల్లిరా అమ్మీ. రేత్రి బేగు జాగ్రత్త. సూసుకో.'

కిటికీలోంచి ఆ పిల్ల నా వైపు తిరిగి కన్ను గీటింది. 'పిన్నీ, ఈ చూసుకో ఏ చూసుకో? బ్యాగునా, నన్నా?'

'రెంటికీ లుక్ ఆఫ్టరే' అన్నాను. 'లుక్ ఆఫ్టర్ యువర్ బ్యాగ్. లుక్ ఆఫ్టర్ యువర్‌సెల్ఫ్.'

రైలు కదిలింది. పక్కనున్నావిడ నా భుజం తట్టి, 'ఏటి, గుంటతో ఏటంతన్నావు ఇంగిలీసులో?' అని అడిగింది.

'మీరన్నదే వదినగారూ' అన్నాను. 'ఇప్పుడు మీరూ ఒకసారి అనండి చూద్దాం. లుక్ ఆఫ్టర్...'

'లుక్కాఫ్టర్' అంది ఆవిడ, రైలు వెళ్ళిన వైపే చూస్తూ.